బంగారం తూచారు, సంతకం మరిచారు

నరసన్నపేట పేరు చెప్తే శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి ముందు గుర్తొచ్చేవి బంగారం కొట్లు, బట్టల కొట్లు. చుట్టుపక్కల మండలాల్లో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ఒక రోజు మా ఊరి బజారుకి రావాల్సిందే. ఆ పెళ్ళి చెడితే మొదట తూకానికి వచ్చేది కూడా ఆ బంగారమే. పెద్దలు కూచుంటారు. పుట్టింటివాళ్ళు పెట్టింది ఎన్ని తులాలు, అత్తింటివాళ్ళు పెట్టింది ఎంత, మంచం బీరువా ఎవరివి, బండి ఎవరి పేరున ఉంది, అన్నీ తేలుస్తారు. స్టాంపు కాయితం మీద రాయించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, టీలు తాగి లేస్తారు. పిల్లాడి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంటుంది: "బాబు తల్లి వద్ద ఉండును."

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం గురించి. ఆ కాయితం ఊళ్ళో చెల్లుతుంది, చుట్టాల్లో చెల్లుతుంది. మడపాం టోల్‌గేటు దాటాక దాని పని సరి. ఆ తల్లి పిల్లాడిని తీసుకుని దేశం దాటాలనుకున్న రోజున ప్రతి టేబుల్ దగ్గరా ఒకటే ప్రశ్న వస్తుంది: "ఫాదర్ సంతకం ఏదండీ?" నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ప్రశ్న అడిగేవాళ్ళని నేను తప్పు పట్టను. దానికి జవాబుగా చూపించడానికి తల్లి చేతిలో ఒక్క కాయితమూ లేకుండా విడిపోవడాలు ముగించేస్తున్న మన పద్ధతినే తప్పు పడతాను.

మన క్లబ్బు సాహిత్యం క్లబ్బు కాబట్టి ఒక మాట. 'సింగిల్ పేరెంట్' అన్నదానికి తెలుగులో సరైన మాట ఇప్పటికీ లేదు. 'ఒంటరి తల్లి' అంటే జాలి వచ్చి కూచుంటుంది. మా వైపు వాడుకలో అయితే "మొగుడొదిలీసింది" అంటారు. వదిలేసినవాడు వాడైతే పేరు ఈవిడకి. 'ఒంటరి తండ్రి' అని ఎవరైనా అనగా నేను వినలేదు, అతనికి వెంటనే ఇంకో సంబంధం చూస్తారు కాబట్టి ఆ మాటతో పని పడలేదేమో.

మాట లేకపోయినా మనుషులు మాత్రం మా జిల్లాలో ఎప్పట్నుంచో ఉన్నారు. మా ముత్తాతల కాలంలో భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లెక్కి మగవాళ్ళు రంగూన్ పోయేవారు. ఇక్కడివాళ్ళకది 'రంగం'. కొందరు డబ్బు పంపారు, కొందరు అక్కడే ఇంకో సంసారం పెట్టారు, 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు అడవుల వెంట నడిచి వస్తూ కొందరు దారిలోనే పోయారు. ఇక్కడ ఆడవాళ్ళు పిల్లల్ని ఒక్కచేత్తో పెంచారు. ఆ తర్వాత గల్ఫ్ వచ్చింది. వెల్డర్లు, ఫిట్టర్లు, మేస్త్రీలు విమానాలెక్కారు, పెంపకం మళ్ళీ ఆడవాళ్ళదే. ఇన్నాళ్ళూ వెళ్ళేది తండ్రి, ఉండిపోయేది తల్లీబిడ్డా. ఇప్పుడు తల్లి నర్సుగానో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగానో తనే వెళ్తోంది. వెళ్తూ బిడ్డని తీసుకెళ్తానంటోంది. మన పెద్దల కాయితం ఈ సంగతి ఊహించలేదు.

చట్టం మాత్రం మెల్లగానైనా ఊహించింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఆరో సెక్షన్ బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని 'తర్వాత' తల్లి అనీ చెప్తుంది. ఈ 'తర్వాత' అనే ఒక్క మాట మీద నలభై ఏళ్ళ పైన బండి నడిచింది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరున రిజర్వ్ బ్యాంక్ బాండ్లు కొనబోతే తల్లి సంతకం చాలదన్నారు. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1999 ఫిబ్రవరి 17న కోర్టు ఏమందంటే, 'తర్వాత' అంటే తండ్రి చచ్చిపోయాక అని అర్థం చేసుకోనక్కర్లేదు, తండ్రి లేని స్థితిలో, అతను బిడ్డని పట్టించుకోని స్థితిలో కూడా తల్లే సంరక్షకురాలు అంది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, ఒక్క పదానికి అర్థం మారింది. పదాల గురించి మనం చేసే చర్చలు పనికిరానివనే సీనియర్లకి ఈ తీర్పు చూపించండి.

2015 జులైలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. పెళ్ళి కాని తల్లి, తండ్రికి నోటీసు పంపకుండానే బిడ్డకి సంరక్షకురాలిగా గుర్తింపు పొందొచ్చని చెప్పింది. 2016 మేలో ఢిల్లీ హైకోర్టు, పాస్‌పోర్టు దరఖాస్తులో తండ్రి పేరు రాయాలని ఒత్తిడి చేయొద్దని తీర్పిచ్చింది. అదే ఏడాది డిసెంబరు 23న విదేశాంగ శాఖ నిబంధనలు సడలించింది: తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఒక్కరి పేరు చాలు. విడాకులైనవాళ్ళు మాజీ భర్త పేరు రాయనక్కర్లేదు. 15 అనుబంధ పత్రాలని 9కి తగ్గించారు, వాటికి నోటరీ అక్కర్లేదు, తెల్ల కాయితం మీద సొంత ప్రకటన చాలు.

అందుకే పాస్‌పోర్టు దగ్గర పెద్ద ఇబ్బంది రాదు. ఇది మా ఇంట్లో చూసి చెప్తున్నాను. మా పిన్ని స్టాఫ్ నర్సు. 2016లో పెద్దల సమక్షంలో విడిపోయింది, అప్పటికి మా తమ్ముడికి రెండేళ్ళు. బాబాయి తర్వాత గల్ఫ్ వెళ్ళాడు, అక్కణ్ణుంచి కబురు లేదు. పిల్లాడి పాస్‌పోర్టుకి పిన్ని 'అనెక్షర్ సి' నింపింది. తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి లేనప్పుడు రెండోవారు ఇచ్చే ప్రకటన అది, కారణం రాయాలి. కౌంటర్లో ఉన్నాయన ఫారం చూసి, పిన్నిని చూసి, గట్టిగా "ఫాదర్ వదిలేసి వెళ్ళిపోయారా?" అని అడిగాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళందరూ విన్నారు. ఫారంలో రాసి ఉన్నదాన్ని మళ్ళీ మైకు లేకుండానే మైకులో చదవడం ఎందుకో నాకు తెలీదు. అయినా పాస్‌పోర్టు వచ్చింది, తండ్రి సంతకం లేకుండానే.

అసలు గోడ వీసా దగ్గర. పిన్ని ఓ.ఇ.టి. పరీక్ష పాసై యు.కె.లో ఒక ఆసుపత్రికి సెలెక్టయింది. ఆ దేశం నిబంధనల ప్రకారం పిల్లలకి డిపెండెంట్ వీసా ఇవ్వాలంటే మామూలుగా తల్లీతండ్రీ ఇద్దరూ అక్కడ ఉండాలి, లేదా ఇద్దరూ వెళ్తుండాలి. మినహాయింపులున్నాయి. ఒకరు చనిపోయి ఉంటే సరే. లేదా బిడ్డ బాధ్యత పూర్తిగా తనదేనని వెళ్ళేవాళ్ళు రుజువు చెయ్యాలి, దాన్నే 'సోల్ రెస్పాన్సిబిలిటీ' అంటారు. చనిపోయిన భర్తకి పంచాయతీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్ ఉంటుంది. వెళ్ళిపోయిన భర్తకి ఏ పంచాయతీ సర్టిఫికెట్ ఇవ్వదు. కబురు తెలియని మనిషిని చట్టం చనిపోయినట్టు భావించాలన్నా ఏడేళ్ళు ఆగి కోర్టుకెళ్ళాలి. పైగా మా బాబాయి పోలేదు, ఫోనెత్తడం లేదంతే.

విశాఖలో ఒక కన్సల్టెంటు పెద్దల కాయితం చూసి పక్కన పెట్టేశాడు. కోర్టు డిక్రీ అయినా ఉండాలి, తండ్రి సమ్మతి లేఖ అయినా ఉండాలి అన్నాడు. ఆచారం ప్రకారం జరిగిన విడాకులని హిందూ వివాహ చట్టం 29(2) సెక్షన్ ఒప్పుకుంటుంది గానీ, ఆ ఆచారం మన కులంలో ఉందని కోర్టులో నిరూపించాలి. ఎక్కడో కూచుని ఫైలు చూసే వీసా ఆఫీసరుకి ఇవన్నీ ఎవరు చెప్తారు?

సమ్మతి లేఖ కోసం మావాళ్ళు బాబాయి అన్నగారి ఇంటికి వెళ్ళారు. తమ్ముడితో మాట్లాడి సంతకం పెట్టిస్తామన్నారు, రెండు లక్షలు అవుతుందన్నారు. ఎనిమిదేళ్ళలో ఒక పలకైనా కొనివ్వని చెయ్యి ఒక్క సంతకానికి పలికిన రేటు అది. మా అమ్మమ్మ, "ఓలమ్మా, ఆ రెండు లచ్చలేవో పారీసి తెచ్చీయండర్రా, గుంటడు తల్లి దగ్గరికెల్లిపోతాడు" అంది. పిన్ని ఒప్పుకోలేదు. "నా కొడుక్కి నాను అమ్మనని సెప్పుకోడానికి ఆళ్ళకి డబ్బులేటి?" అంది. నేను పిన్ని పక్షమే. ఒకసారి డబ్బిస్తే ప్రతి రెన్యువల్‌కీ అదే రేటు పెరుగుతూ వస్తుంది.

ఇక మిగిలిన దారి రుజువులు పోగెయ్యడం. ఈ పని నాకు అప్పజెప్పారు, స్కానింగులూ పీడీఎఫ్‌లూ మనవాళ్ళకి వచ్చిన విద్యే కదా. ఎల్‌.కె.జి. నుంచి ప్రోగ్రెస్ కార్డులన్నీ తీశాం, 'పేరెంట్ సంతకం' అన్న గడిలో ప్రతిసారీ పిన్ని సంతకమే. టీకాల కార్డు, తమ్ముడికి డెంగీ వచ్చినప్పటి ఆసుపత్రి బిల్లులు, స్కూలు ఫీజు రసీదులు. అమ్మఒడి డబ్బులు పడిన బ్యాంకు పాస్‌బుక్ కూడా పెట్టాం. 2020 జనవరిలో ఆ పథకం మొదలైనప్పుడు డబ్బు తల్లి ఖాతాలోనే వెయ్యాలన్న నిర్ణయం ఎవరిదోగానీ, మా ఫైల్లో బాగా అక్కరకొచ్చిన పేజీల్లో అదొకటి. రాష్ట్ర ప్రభుత్వమే ఈ పిల్లాడి చదువు తాలూకు మనిషిగా తల్లిని గుర్తించిందని దాని అర్థం. స్కూలు హెడ్‌మాస్టరు గారు లెటర్‌హెడ్ మీద, "అడ్మిషన్ నుంచి నేటి వరకు విద్యార్థి విషయాలన్నీ తల్లే చూసుకుంటున్నారు, తండ్రి ఒక్కసారి కూడా రాలేదు" అని రాసిచ్చారు. ఆయన ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. దిద్దమని నేనడగలేదు, ఆ తప్పులతోనే అది నిజం ఉత్తరంలా ఉంది.

ఈలోగా ఉద్యోగంలో చేరాల్సిన తేదీ వచ్చేసింది. పిన్ని 2023లో ఒక్కతే వెళ్ళింది. తమ్ముడు పదకొండు నెలలు మా ఇంట్లో ఉన్నాడు. రోజూ సాయంత్రం ఫోన్లో హోంవర్కు పిన్నే చెప్పించేది. వాడికి జ్వరమొస్తే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో అక్కణ్ణుంచే చెప్పేది. ఆ మెసేజీలూ, నెలనెలా పంపిన డబ్బూ కూడా ఫైల్లోకి ఎక్కాయి. రోజువారీ అన్నం పెట్టేది బంధువులే అయినా నిర్ణయాలు తల్లివే అయితే ఆ బాధ్యత ఆమెదే అని అక్కడి నియమం ఒప్పుకుంటుంది. వీసా వచ్చింది. కానీ తొమ్మిదేళ్ళ పిల్లాడికి పదకొండు నెలలంటే ఎంతో, వాడు గోడ మీద పెన్సిల్‌తో గీసుకున్న గీతలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. బాబాయి కాయితంలో ఒక్క పేరా ఉండి ఉంటే ఆ గీతల అవసరం లేదు.

ఇప్పుడు రెండో వైపు. మా ఇంట్లో జరిగింది చూసి, సంతకం అడగడమే అన్యాయం, ఆ నియమమే తీసెయ్యాలి అనడం తేలిక. నేను అనను. ఒక తండ్రి పొద్దున్న లేచేసరికి కూతురు వేరే దేశంలో ఉంటే ఏంటి అతని గతి? తల్లికైనా అంతే. మన తెలుగువాళ్ళ అమెరికా సంసారాల్లో ఇలాంటి గొడవలు తక్కువేం లేవు. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎత్తుకెళ్ళిపోవడం ఆపడానికి 1980లోనే హేగ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. మన దేశం అందులో లేదు. లా కమిషన్ 2009లో ఒకసారి చేరమంది, 2016లో ఇచ్చిన 263వ నివేదికలో ఒక బిల్లు ముసాయిదాని సవరించి మరీ ఇచ్చింది. అయినా ముందుకెళ్ళలేదు. విదేశంలో భర్త కొడుతుంటే పిల్లలతో పుట్టింటికి పారిపోయి వచ్చిన ఆడపిల్లల్ని ఆ ఒప్పందం దోషులుగా నిలబెడుతుందన్నది ప్రధానమైన అభ్యంతరం. అందులో బలముంది. కానీ ఒప్పందంలో లేని దేశం పిల్లాడు విమానం దిగితే అవతలి ఆఫీసరు ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగడంలో కూడా న్యాయముంది. దక్షిణాఫ్రికా 2015లో పిల్లలతో వచ్చే ప్రతివారూ తల్లిదండ్రులిద్దరి పేర్లున్న పూర్తి బర్త్ సర్టిఫికెట్ చూపించాలంది. టూరిస్టులు తగ్గిపోతున్నారని గోల పుట్టి 2019లో సడలించుకుంది. ఏ దేశానికీ ఇందులో సరైన కొలత దొరికినట్టు లేదు.

అదే హేగ్‌లో రాసుకున్న అపోస్టిల్ ఒప్పందంలో మాత్రం మనం 2005 నుంచి ఉన్నాం. అంటే మన కోర్టు డిక్రీకి, బర్త్ సర్టిఫికెట్‌కి విదేశాంగ శాఖ ముద్ర వేస్తే సభ్యదేశాలు అది అసలుదేనని ఒప్పుకుంటాయి. ముద్ర వేసే యంత్రాంగం సిద్ధంగా ఉంది. ముద్ర వెయ్యడానికి కాయితమే మన దగ్గర ఉండటం లేదు.

కాబట్టి నేనడిగేది చిన్నది. విడిపోయేవాళ్ళు కోర్టుకి వెళ్ళాలి, పెద్దల దగ్గర ఒప్పందం కుదిరినా సరే. పరస్పర అంగీకారం ఉంటే 13బి సెక్షన్ కింద పిటిషన్ వెయ్యొచ్చు. మొగుడు పత్తా లేకపోతే, రెండేళ్ళు వదిలేసి ఉన్నాడన్నదే విడాకులకి కారణం. నోటీసు అందకపోతే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన వేయించి ముందుకెళ్ళొచ్చు. ఖర్చు మాటకొస్తే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. ఆ పిటిషన్లో బంగారం లెక్క పక్కనే ఇలాంటిది ఒకటి రాయించుకోవాలి: మైనర్ పేరున పాస్‌పోర్టు తీసుకోడానికి, రెన్యువల్ చేయించడానికి, వీసా తీసి విదేశానికి వెంట తీసుకెళ్ళడానికి తల్లికి తండ్రి సంతకం విడిగా అక్కర్లేదు. వెళ్ళే ముందు చిరునామా, ఫోన్ నంబరు తండ్రికి ఇవ్వాలి. వారానికి ఇన్నిసార్లు వీడియో కాల్, సెలవుల్లో ఇన్ని రోజులు తండ్రి దగ్గర. బిడ్డ తండ్రి దగ్గర ఉంటే ఇదే పేరా తిరగేసి రాయాలి. ఇందులో తండ్రికి నష్టమేమీ లేదు, ఇప్పుడున్న "తల్లి వద్ద ఉండును" కంటే అతనికి కూడా ఎక్కువే దొరుకుతుంది.

ప్రభుత్వం కూడా ఒకటి చెయ్యొచ్చు. మన రాష్ట్రంలో ఒంటరి మహిళల పెన్షన్ ఉంది. అంటే ఒక ఆడమనిషి భర్త లేకుండా బతుకుతోందని విచారించి గుర్తించడం ప్రభుత్వానికి చేతనవును. పెన్షన్‌కి పనికొచ్చే ఆ విచారణ బిడ్డ ప్రయాణానికి ఇంగ్లీషులో ఒక పేజీగా ఎందుకు రాకూడదు? అది కోర్టు తీర్పుకి సమానం కాదు, సాక్ష్యాల్లో ఒక సాక్ష్యం అవుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతిని ఊరు దాటాక కూడా ఎవరైనా నమ్మేలా చెయ్యడానికి ఆ మాత్రం చాలు.

ఇదంతా మనకెందుకు అని అడిగేవాళ్ళు మన క్యాంటీన్లోనే ఉన్నారు. మనలో చాలామంది నాలుగేళ్ళలో వీసా లైన్లో నిలబడతారు. అందరి పెళ్ళిళ్ళూ నిలబడతాయని ఏ ప్లేస్‌మెంట్ సెల్ హామీ ఇవ్వదు. ఊళ్ళో తగువు తీర్చే పెద్దల పక్కన, "నువ్వు ఇంజనీరింగ్ చదూతన్నావు కదా, రాయిరా" అని కాయితం మన చేతికే ఇస్తారు. నాకు ఇప్పటికే ఒకసారి ఇచ్చారు. ఈసారి పేరా రాశాను, చదివి వినిపించాను. పెద్దాయన ఒకాయన, "ఇదేటిరా, ఇక్కడ తగువు తేలకముందే ఇమానాలెక్కించీస్తన్నావు" అని నవ్వాడు. అమ్మాయి వాళ్ళ నాన్న మాత్రం నవ్వలేదు, ఉండనీమన్నాడు. వాళ్ళు ఆ కాయితం పట్టుకుని శ్రీకాకుళం కోర్టుకి వెళ్తున్నారు.

ప్రయాణం దగ్గరపడ్డవాళ్ళకి ఒక సంగతి. మన ఇంటిపేర్ల వల్ల ఇంకో చిక్కుంది. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, బిడ్డ దాంట్లో తండ్రి ఇంటిపేరు. అవతలి ఎయిర్‌పోర్టులో ఈ ఇద్దరూ ఏమవుతారని అనుమానం వస్తుంది. పిన్ని వచ్చి తమ్ముడిని తీసుకెళ్ళినప్పుడు అక్కడి ఆఫీసరు ఆవిడని వదిలేసి వంగి పిల్లాడినే అడిగిందట, ఈవిడ ఎవరని. వాడు అమ్మ అన్నాడు, ఇంగ్లీషులో చెప్పాలని తోచలేదు. ఆవిడకి అర్థమైందట. బర్త్ సర్టిఫికెట్ ఇంగ్లీషు కాపీ చేతిసంచిలోనే పెట్టుకోండి, చెకిన్ సామాన్లో వెయ్యకండి. పాత సర్టిఫికెట్లలో చాలావాటిలో పిల్లాడి పేరు గడి ఖాళీగా ఉంటుంది, అది ముందే నింపించుకోండి.

పదిహేనేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. మా తమ్ముడిది 2028లో అయిపోతుంది. అప్పటికి వాడికి పద్నాలుగు, మైనరే. మళ్ళీ అనెక్షర్ సి, మళ్ళీ 'కారణం' గడి. పిన్ని ఈ ఏడాది సెలవుకి వచ్చినప్పుడు శ్రీకాకుళంలో లాయర్‌ని కలిసి విడాకుల పిటిషన్ వేసింది. వాయిదాలకి ఆవిడ తరఫున నేను వెళ్తున్నాను, సెమిస్టర్ పరీక్షల మధ్యలో.